తోక కూర, నల్లా నీళ్లు, నాలుగు యూరోల ఆరె



మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సెమినార్ సంగతులు రాసినవ్, బాగుంది. తర్వాత నాలుగు రోజులు రోమ్‌ల ఏం జేసినవ్?" అన్నాడు. "తిన్న, తిరిగిన, కొన్న" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "గంతేనా?" అన్నాడు.

గంతే. ఈ వారం దాని గురించే రాస్తున్నా.

మనలో ఎవరైనా విమానం ఎక్కితే ఏదో పని మీదే ఎక్కాలి. పేపర్ చదవాలి, సాక్ష్యం చెప్పాలి, మన గాయాలు నలుగురికి చూపించి రావాలి. తిరిగొచ్చాక జమాఖర్చు అప్పజెప్పాలి. వేరేవాళ్ల పిల్లలు పోతే "టూర్ పోయిండు" అంటారు, మనం పోతే "ఏం సాధించినవ్" అంటారు. బాబాసాహెబ్ న్యూయార్క్‌లో ఏం చేశాడో గుర్తుందా? పాత పుస్తకాల షాపుల వెంట తిరిగి గుట్టలు గుట్టలుగా పుస్తకాలు కొన్నాడు. 1917లో ఆయన లండన్ నుంచి తిరిగొస్తుంటే, సామాను వేరే ఓడలో వేస్తే, ఆ ఓడను జర్మన్లు ముంచేశారు. ఆ పుస్తకాలు పోయినందుకు ఆయన ఎంత బాధపడ్డాడో చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది, మనిషికి షాపింగ్ అంటే ఇంత ప్రేమ ఉందన్నమాట అని. అందుకని నన్ను తిట్టేముందు ఆలోచించుకోండి.

ముందు నీళ్ల సంగతి.

రోమ్‌లో వీధి మూలల్లో నడుమెత్తు ఇనుప స్తంభాలు కనిపిస్తాయి. వాటికి వంకర తిరిగిన గొట్టం ఒకటి, అందులోంచి రాత్రీ పగలూ నీళ్లు పడుతూనే ఉంటాయి. నాసోనీ అంటారు, అంటే పెద్ద ముక్కులు. 1874లో మొదలుపెట్టారట, ఇప్పుడు ఊరంతా కలిపి దాదాపు 2,500 ఉన్నాయి. తాగే నీళ్లే. చల్లగా ఉంటాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు. మొదటి రోజు నా ముందు ఒక ముసలాయన తన కుక్కకు తాగించాడు, తర్వాత సూటు వేసుకున్నాయన తాగాడు, తర్వాత గులాబీలు అమ్ముకునే బంగ్లాదేశ్ అబ్బాయి సీసా నింపుకున్నాడు. తర్వాత నేను.

నేను వెంటనే తాగలేదు. ఎవరైనా వచ్చి పోస్తారేమో అన్నట్టు అరక్షణం ఆగాను. నలభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, పీహెచ్‌డీ అయింది, మహాడ్ చెరువు గురించి ఇరవై మీటింగుల్లో మాట్లాడాను, అయినా నల్లా ముందు దోసిలి దానంతటదే కొంచెం కిందికి పోయింది. చిన్నప్పుడు మా ఊరి బాయి కాడ నిలబడి, పైనుంచి పోస్తే పట్టుకునే దోసిలి అది. ఎవరూ చూడలేదు. మళ్లీ వేలు పెట్టి మూసి, చిన్నపిల్లలాగా మొహమంతా తడుపుకుని తాగాను. నాలుగు రోజుల్లో ఒక్క సీసా కూడా కొనలేదు. మీరు పోతే ఖాళీ సీసా వెంట ఉంచుకోండి.

కాఫీ కూడా కౌంటర్ దగ్గర నిలబడే తాగండి. అదే కాఫీ కుర్చీలో కూర్చుంటే చాలా షాపుల్లో రేటు పెరుగుతుంది. నిలబడ్డ చోట ఒక పక్క చెత్త బండి తోలే ఆమె, ఇంకో పక్క వకీలు. కప్పులు ఒకటే రకం. మన దగ్గర హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకి ఇది చిన్న విషయంలా కనిపించదు. అట్లాగని అక్కడ అందరూ సమానమని రాసి మిమ్మల్ని మోసం చేయను. ఆ గులాబీల అబ్బాయిని హోటల్ వాళ్లు ఈగను తోలినట్టు తోలడం రాత్రి చూశాను. రోమ్‌కి దక్షిణాన లాటీనా పొలాల్లో వేలమంది పంజాబీ కూలీలు పని చేస్తారు. 2024 జూన్‌లో అక్కడ యంత్రంలో పడి చెయ్యి తెగిపోయిన ఒక కూలీని దవాఖానకు తీసుకుపోకుండా ఇంటి ముందు పడేసి పోయారు. రోమ్ దవాఖానలో చనిపోయాడు. మార్కెట్‌లో నిగనిగలాడే కూరగాయలు చూసినప్పుడల్లా అతనే గుర్తొచ్చాడు.

గురువారం సాయంత్రం యూదుల వాడకు పోయాను. 1555లో పోపు ఒక ఆజ్ఞ ఇచ్చి రోమ్ యూదులందరినీ నది పక్కన ఒక ఇరుకు వాడలో పెట్టించాడు. చుట్టూ గోడ, రాత్రి గేట్లకు తాళం, బట్టల మీద పసుపు గుర్తు. కొత్త బట్టలు అమ్మకూడదు, పాత బట్టల వ్యాపారం చేసుకోవచ్చు. 1870 దాకా అంతే. ఆ వాడలో పుట్టిన వంటే ఇప్పుడు అక్కడి హోటళ్లకు పేరు తెచ్చింది. ఆర్టిచోక్ అని ముళ్ల మొగ్గలాంటి కూరగాయ ఉంటుంది. దాన్ని నూనెలో రెండుసార్లు వేయిస్తే పూవులా విచ్చుకుంటుంది. రేకులు అప్పడంలా కరకరలాడతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. బాగుంది. తిని బయటికొస్తే కాళ్ల కింద గుమ్మాల ముందు చిన్న ఇత్తడి పలకలు, పేర్లు చెక్కి. 1943 అక్టోబర్ 16న ఆ చుట్టుపక్కల నుంచి, మిగతా రోమ్ నుంచి పట్టుకుపోయిన వెయ్యి మందికి పైగా మనుషుల్లో తిరిగొచ్చింది 16 మంది. వాటి పక్క నుంచే ఐస్‌క్రీం తింటూ జనం పోతున్నారు. నా చేతిలో కూడా ఐస్‌క్రీం ఉంది. పడేయలేదు, తిన్నాను.

ఇక శనివారం. నాకు రోమ్ అంటే ఆ శనివారమే.

టెస్టాచ్చో అని ఒక పేట ఉంది. 1888లో మొదలుపెట్టి 1891కల్లా అక్కడ ఊరి పశువధశాల కట్టారు. 1975 దాకా నడిచింది. గేటు మీద ఇప్పటికీ రెక్కల మనిషి ఒకడు ఎద్దును లొంగదీస్తున్న బొమ్మ ఉంటుంది. లోపల ఇప్పుడు ఆర్ట్ ఎగ్జిబిషన్లు, యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ క్లాసులు. మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు, పట్టాలు అట్లాగే ఉంచారు. వాటి కింద విద్యార్థులు లాప్‌టాపులు పెట్టుకుని కూర్చున్నారు.

పశువును కోసి నాలుగు భాగాలు చేస్తే మంచి మాంసమంతా దొరలకు, చర్చి పెద్దలకు, డబ్బున్నోళ్లకు పోయేది. మిగిలిన తోక, బోటి, పేగులు, గుండెకాయ, కార్జం, తలకాయ అక్కడ పనిచేసేవాళ్లకు. కూలిలో కొంత భాగం కింద అదే ఇచ్చేవాళ్లు. దాన్ని 'క్వింతో క్వార్తో' అంటారు, అయిదో పావు అని. నాలుగు పావులు పోయాక అయిదో పావు ఎక్కడిదని అడక్కండి. ఆ లెక్క మనకు తెలిసిందే. ఆ అయిదో పావుతో పేటలోని ఆడవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు చేసిన వంటలే ఈరోజు అసలైన రోమన్ తిండి. దూడ పేగుల వంట ఒకటుంది, పయాటా. పిచ్చి ఆవుల రోగం వచ్చినప్పుడు 2001లో దాన్ని నిషేధించారు. 2015లో మళ్లీ అనుమతి వస్తే ఊరు సంబరపడింది. శనివారం బోటి తినడం అక్కడ పాత ఆనవాయితీ.

నాతో ఆ మధ్యాహ్నం ముగ్గురు తెలుగు స్టూడెంట్లు వచ్చారు. ఒక చెల్లె, ఇద్దరు తమ్ముళ్లు. తెలిసినవాళ్ల ద్వారా కలిశారు. మంచి పిల్లలే, నాకు బస్ టికెట్ ఎట్లా కొనాలో, ఏ వీధిలో జేబు జాగ్రత్తగా చూసుకోవాలో అన్నీ చెప్పారు. (రాసిన సంగతులు ఆ చెల్లెను అడిగే రాస్తున్నా. గుర్తుపట్టే వివరాలేవీ పెట్టలేదు.)

మెనూలో ఒక పేరు దగ్గర ఆగిపోయాను. 'కోడా అల్లా వాచ్చినారా'. కోడా అంటే తోక. వాచ్చినారా ఏమిటని అడిగితే వడ్డించే ఆమె చెప్పింది, వాచ్చినారి అంటే పశువుల్ని కోసి తోలు తీసి పని చేసే మనుషులు, వాళ్లు వండుకునే పద్ధతి అని. వాళ్ల పేరుతో రోమ్‌లో ఒక వీధి కూడా ఉంది.

అంటే ఏమిటో చూడండి. తోలు తీసేవాళ్ల పద్ధతిలో తోక కూర. మన భాషలో చెప్పాలంటే మాదిగోళ్ల తోక కూర. తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ మీద, అచ్చువేసిన కార్డు మీద, పద్దెనిమిది యూరోల రేటు పక్కన ఆ పని పేరు నిలబడి ఉంది. మన ఊళ్లలో ఆ పేరు ఎక్కడ రాస్తారు? తిట్టులో, ఎఫ్ఐఆర్‌లో.

తోక కూర ఒకటి, బోటి ఒకటి చెప్పాను. ఒక తమ్ముడు స్టీక్ చెప్పాడు. వచ్చాక ఫొటో తీసుకుని, "ఇంట్లో తెలిస్తే చంపుతరక్కా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. "ఇక్కడి బీఫ్ వేరు, నీట్‌గా ఉంటది. మన దగ్గరలాగ కాదు" అన్నాడు. ఊరుకున్నాను.

తోక వచ్చింది. గంటలకొద్దీ ఉడికించి ఉంటారు, ముట్టుకుంటే ఎముక నుంచి జారిపోతోంది. టమాటా, సెలరీ కాడలు, ఎక్కడో చిన్న తీపి. మా అమ్మ కూరలో ఉండే కారం లేదు, కానీ ఆ జిగురు, వేళ్లు ఒకదానికొకటి అంటుకునే ఆ జిగురు, అదే. తర్వాత బోటి వచ్చింది. టమాటాలో ఉడికించి, పైన పుదీనా జాతి ఆకు, గొర్రెపాల చీజ్ తురిమి వేశారు. మా అమ్మ సున్నం వేసిన వేడి నీళ్లలో బోటిని ముంచి, నల్ల పొరను గీకి గీకి తెల్లగా చేసి, గోంగూరలో వండుతుంది. వాళ్లది కూడా తెల్లగా ఉంది. ఎవరో గీకే ఉంటారు.

స్టీక్ తమ్ముడు నా ప్లేటు చూసి మొహం పక్కకు పెట్టాడు. "ఛీ, ఇది కూడా తింటరా వీళ్లు? ఇది మా ఊళ్లో వాళ్లు తింటరు కదా" అన్నాడు.

"ఎవరు తమ్మీ?" అన్నాను.

వాడు అప్పుడు ఆగాడు. "అంటే... అట్ల కాదక్కా" అన్నాడు. రెండో తమ్ముడు ఫోన్ తీశాడు. నాకు కోపం రాలేదంటే నమ్మండి. నాకు గుర్తొచ్చింది వాడు కాదు, నేనే. హైదరాబాద్ హాస్టల్లో మొదటి ఏడాది మా అమ్మ డబ్బాలో తునకల కూర పంపింది. రూమ్మేట్ మూత తీసి వాసన చూసి "ఏంటిది?" అంటే, "మటన్" అన్నాను. రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూంల పక్కన నిలబడి తిన్నాను. తర్వాత 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ అయినప్పుడు, గొడవల మధ్య, మా తిండి మా హక్కు అని గొంతు పోయేదాకా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మటన్ అబద్ధం సంగతి మాత్రం ఏ మీటింగులోనూ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

"నేను తింట. మా ఇంట్లో పండుగంటే ఇదే" అన్నాను వాడితో. చాలా మామూలుగా అనాలని అన్నాను, గొంతు కొంచెం వణికింది. వాడు "సారీ అక్కా" అన్నాడు. దేనికి సారీయో వాడికి తెలుసో లేదో నాకు తెలియదు. వాడు మంచి నీట్ మాంసం తింటాడు, గోమాంసం తినడం వాడికి రోమ్ వచ్చిన ఆధునికత. అదే పశువు అయిదో పావు మాత్రం వాడికి ఇంకా మా వాడలోనే ఉంది. సముద్రాలు దాటినా ఆ పావును ముట్టుకోలేదు.

ఆ చెల్లె అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బిల్లు వచ్చే ముందు రొట్టె ముక్క తుంచి, నా ప్లేటులో మిగిలిన బోటి పులుసును అంచుల దాకా తుడిచి నోట్లో పెట్టుకుంది. అక్కడ రొట్టెతో ప్లేటు తుడవడం తప్పు కాదు, ఇష్టంగానే చేస్తారు. కానీ ఆమె చేసింది రోమ్ పద్ధతి చూసి కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రాత్రి మెసేజ్ పెట్టింది. "అక్కా, మా అమ్మ కూడ చేస్తది. ఇక్కడ నా గురించి ఎవరికీ తెల్వదు. ఫ్లాట్‌ల నలుగురం ఉంటం, వంట కలిపి చేసుకుంటం. తెలిస్తే ఏమైతదో అని చెప్పలే."

ఏం రాయాలో తెలియక, "ఈ రాత్రి నాతో డాన్స్‌కు వస్తవా?" అని రాశాను.

వచ్చింది. టెస్టాచ్చోలోనే నైట్ క్లబ్బులు చాలా ఉన్నాయి. అక్కడొక గుట్ట ఉంది, 35 మీటర్ల ఎత్తు, మొత్తం రోమన్ల కాలంలో నూనె దిగుమతి చేసుకుని పగలగొట్టి పోసిన కుండ పెంకుల గుట్ట. దాని అడుగున తొలిచి బార్లు, క్లబ్బులు పెట్టారు. కొన్నింటిలో గోడకు అద్దం పెట్టి వెనక పెంకులు చూపిస్తారు. మేం అటు పోలేదు, టికెట్లు మా వల్ల కాలేదు. ట్రామ్ ఎక్కి ఊరి తూర్పున చెంతొచెల్లె పోయాం. అక్కడ పాత సైనిక కోట ఒకటి ఖాళీగా పడి ఉంటే 1986 మే ఒకటిన కుర్రాళ్లు ఆక్రమించుకున్నారు. ఫోర్తె ప్రెనెస్తీనో దాని పేరు. ఇప్పటికీ వాళ్లే నడుపుకుంటున్నారు. కందకం, సొరంగాలు, గోడల నిండా బొమ్మలు, తక్కువ రేటుకు బీరు, పాటలు. ఉద్యమాల్లో ఉన్న మీలాంటివాళ్లు రోమ్ పోతే కొలోసియం కంటే ముందు అక్కడికి పోండి. ఏ రోజు ఏముందో కనుక్కుని పోండి, అన్ని రోజులూ ఉండదు.

మా నాయిన డప్పు కొట్టేవాడు. చావుకు పిలిచేవాళ్లు, జాతరకు పిలిచేవాళ్లు. ఊరు ఆడితే మేం కొట్టాలి. మా ఆడవాళ్లు ఆడితే ఊరు చూసేది, ఆ చూపు ఎట్లుంటుందో ఇక్కడ చాలామందికి చెప్పనక్కర్లేదు. ఆ కోట లోపల ఎవరో డ్రమ్ములు కొడుతున్నారు, నేనూ ఆ చెల్లె ఆడాం. నాకు డాన్స్ రాదు. ఎవరూ చూడలేదు. కాసేపటికి ఎవరు చూస్తున్నారో చూడటం నేనూ మానేశాను. ఆ చెల్లె తీన్మార్ వేస్తే ఒక ఇటలీ అమ్మాయి వచ్చి నేర్పమంది. నేర్పింది. రాత్రి రెండు దాటాక నైట్ బస్సులో వచ్చాం. బస్సు నలభై నిమిషాలు రాలేదు, చలికి వణికాం. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రి ఒకటిన్నర దాకా ఉంటుంది, మిగతా రోజుల్లో పదకొండున్నరకే ఆపేస్తారు. అది చూసుకుని బయటికి పోండి.

ఇక కొనడం. శుక్రవారం ఊరి నడిమధ్య వీధుల్లో తోలు షాపులు చూశాను. అద్దాల వెనక ఒక సంచి మూడువందల నలభై యూరోలు. లోపలికి పోతే తోలు వాసన. ఒకామె ఒక సంచిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి "ఆహా" అంది. బడిలో నా వెనక బెంచీ పిల్లలు "లంద వాసనొస్తుంది" అని ముక్కులు మూసుకునేవాళ్లు. అదే వాసన, మిత్రులారా. సంచికి చిన్న కార్డు వేలాడుతోంది, చెట్టు బెరడుతో ఊనిన తోలు అని గొప్పగా రాసి. ఏ బెరడు అని అడిగితే చెస్ట్‌నట్, మిమోసా అన్నాడు షాపాయన. మా తాత తంగేడు చెక్కతో ఊనేవాడు. లందలో నడుము దాకా దిగి. ఆయన పేరు ఏ కార్డు మీదా లేదు. నేను అమ్మకు పన్నెండు యూరోల చిల్లర పర్సు ఒకటి కొని, దాని మీద అమ్మ పేరు మొదటి అక్షరం అచ్చు వేయించాను.

ఆదివారం పొద్దున పోర్తా పోర్తేసె సంత. నది పక్కన మైలు పొడుగున పాత బట్టలు, పాత చెంచాలు, పాత ఫొటోలు, దొంగ బ్రాండ్ల చెప్పులు. సంచి ముందుకు వేసుకుని నడవండి. ఒక చోట దుప్పటి పరిచి తుప్పు పట్టిన పనిముట్లు పోశాడు ఒకాయన. సుత్తులు, పట్కార్లు, వాటి నడుమ ఒక ఆరె. కర్ర పిడి, చెయ్యి రాసుకుని రాసుకుని నున్నగా నల్లబడింది.

మా నాయిన చనిపోయాక కొత్త ఇల్లు కట్టినప్పుడు, అన్న పెళ్లి మాటలకు పట్నం నుంచి చుట్టాలొస్తున్నారని, ఆయన ఆరె, రంపె, గూటం గోనెసంచిలో వేసి వాగులో పడేశాం. పడేసి రమ్మని అన్నది నేనే.

ఆరు యూరోలన్నాడు. నాలుగిస్తానన్నాను. ఇచ్చాడు. (పెద్ద బ్యాగులో పెట్టుకోండి ఇట్లాంటివి. చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు.)

ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్ చేశాను. పర్సు చూపిస్తే "మంచిగుంది" అంది. ఆరె చూపిస్తే చాలాసేపు చూసింది. "మీ నాయినది గింత పొడుగు లేకుండె" అంది. తర్వాత ఏం తిన్నావని అడిగింది. తోక కూర, బోటి అన్నాను.

"తెల్లోళ్లు బోటి తింటరా?"

"తింటరమ్మా. హోటల్ల పెడతరు."

"మంచిగ కడిగిన్రా?"

"కడిగిన్రు."

"ఎంత తీసుకున్నరు?"

చెప్పాను. రూపాయల్లో పదిహేడు వందల పైన అని. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గా పైసలకు నాలుగు తోకలు రావా పిల్లా" అంది. కాసేపాగి, "నువ్వొచ్చే ఆదివారం నేను తోక తెప్పిస్త. గా పిల్ల ఎవరో చెప్పినవ్ గదా, ఆమె ఎప్పుడొస్తది ఇంటికి? వచ్చినప్పుడు తోలుకరా. గోంగూరల జేస్త" అంది.